ఇరవై ఆరిళ్ళ తాళంచెవులు

మా వీధిలో నలభై ఒక్క ఇళ్ళు ఉంటే, అందులో ఇరవై ఆరిళ్ళ రెండో తాళంచెవులు ఒకావిడ దగ్గర ఉండేవి. ఆవిడని అందరూ తాళాల పిన్నిగారు అనేవాళ్ళు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది కాబోలు, నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఆవిడ గురించి రాద్దామని కూర్చున్నాను. ముందే చెప్పేస్తున్నాను, ఇందులో తప్పు చేసినవాణ్ణి నేనే. చివరిదాకా దాచిపెట్టి, ఊరించి ఊరించి బయటపెట్టే నేర్పు నాకు లేదు.

పిన్నిగారిది వీధి మొదట్లో మలుపు ఇల్లు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, మిషను ముందు ముక్కాలిపీట, దాని మీద పొద్దున్నించీ సాయంత్రం దాకా ఆవిడ. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం, కిటికీ తెరలూ దిండు గలీబులూ కుట్టడం ఆవిడ పని. భర్త బస్సు డిపోలో మెకానిక్కుగా చేసేవాడు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. పిల్లల్లేరు. మేమందరం ఎనిమిది కొట్టేసరికి ఆఫీసులకీ బళ్ళకీ పరుగులు పెట్టే బాపతు. మధ్యాహ్నం వేళ వీధి మొత్తానికి మనిషి అలికిడి అంటే ఆ మిషను చప్పుడే.

అందుకని మొదట ఎదురింటివాళ్ళు ఒక తాళంచెవి ఆవిడ దగ్గర ఉంచారు, కుళాయి బాగుచేసేవాడు వస్తే తలుపు తియ్యమని. తర్వాత లెక్కల టీచరుగారు ఇచ్చారు, వాళ్ళబ్బాయి రోజూ తాళంచెవి బడిలో పారేసుకుంటున్నాడని. ఇస్త్రీపెట్టె ఆపానో లేదోనని ఆఫీసు నుంచి గాభరాగా ఫోను చేసే అలవాటు మా ఆవిడది, కాబట్టి మేమూ ఇచ్చాం. అలా అలా ఇరవై ఆరు అయ్యాయి. గోడకి చెక్కపలక, పలకకి మేకులు, మేకుకో తాళంచెవి. వాటికి ఇంటి నంబర్లు ఉండేవి కావు. ఒక్కోదానికి ఒక్కో గుడ్డపీలిక కట్టి ఉండేది. ఆ ఇంటికి తెరలు కుట్టింది ఆవిడే కదా, అప్పుడు మిగిలిన ముక్కన్నమాట.

"నంబరు రాసి కట్టుకోవచ్చుగా పిన్నిగారూ? ఇన్ని ఎలా గుర్తుపెట్టుకుంటారు?" అని ఒకసారి అడిగాను.

"ఎవడైనా ఈ పలక ఎత్తుకుపోతే, వాడికి నంబర్లు కూడా నేనే చెప్పిపెట్టాలా బాబూ? గుడ్డ చూస్తే వాడికేం తెలుస్తుంది? నాకు తెలుస్తుంది, చాలు," అంది.

తాళంచెవి కోసం వెళితే అది పుచ్చుకుని రావడం అంత తేలిక కాదు. చేతిలో పెట్టినట్టే పెట్టి, "అన్నట్టు..." అనేది. అన్నట్టు మీ అమ్మాయికి దగ్గు తగ్గిందా, అన్నట్టు మీ ఆఫీసులో ఆ కొత్త అధికారి ఇంకా అరుస్తున్నాడా, అన్నట్టు పొయ్యి మీద నీళ్ళున్నాయి, టీ చుక్క వేసుకు వెళ్ళండి. ఒక్క అన్నట్టుతో బయటపడ్డవాడు అదృష్టవంతుడు. మా ఆవిడైతే "అన్నట్టు పిన్నిగారి దగ్గరికి మీరే వెళ్ళండి, నాకు వంటుంది," అని నన్ను తోసేది. నేను గొణుక్కుంటూ వెళ్ళి, మూడు అన్నట్టులూ ఒక టీ అయ్యాక గాని వచ్చేవాణ్ణి కాదు.

"రోజుకి ఆరుగురైనా వస్తారు బాబూ," అని ఒకనాడు తనే చెప్పింది. "ఆదివారం మాత్రం ఎవరూ రారు. అందరూ ఇళ్ళల్లోనే ఉంటారు కదా, తాళాలతో పనేముంది?" నవ్వుతూనే అంది గాని, ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆవిడకి మనుషులు ఆ మేకుల మీదే ఉన్నారని అప్పుడే నాకు అర్థమై ఉండాలి. అర్థమైంది కూడా. అయినా చేసింది చేశాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను వర్షపాతం నమోదు చేసే ఆఫీసులో గుమాస్తాని. గొట్టంలో ఎంత నీరు పడితే అంత రాయడం, ఏడాది చివర పట్టిక వెయ్యడం, పక్కన బొమ్మ గియ్యడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా గీస్తున్నాను. నా బొమ్మని నిలబడి చూసినవాడు ఒక్కడు లేడు. అటువంటివాణ్ణి మా వీధి సంఘానికి కార్యదర్శిని చేశారు. ఇంకెవరూ ఒప్పుకోక నన్ను చేశారు, అది వేరే సంగతి.

పోలీసు స్టేషనువాళ్ళు ఏడాదికోసారి వీధుల వారీగా నేరాల పట్టీ పంపుతారు. అది కార్యదర్శికి వస్తుంది. అంతకుముందు ఏడాది మా వీధిలో ఆరు. ఆ ఏడాది పధ్నాలుగు. అంకెలు చూసేసరికి నా చెయ్యి ఊరుకుంటుందా? లెక్కేశాను, నూటముప్పై మూడు శాతం పెరుగుదల! పెద్ద అట్ట తెచ్చి ఎర్రసిరాతో రెండు స్తంభాలు గీశాను, ఒకటి మోకాలెత్తు, ఒకటి మనిషెత్తు. సరిగ్గా ఆ నెలలోనే పళ్ళ డాక్టరుగారింట్లో పట్టపగలు దొంగలు పడ్డారు. ల్యాప్‌టాపు, చేతిగడియారం, రెండు గొలుసులు పోయాయి. తాళం మాత్రం పగల్లేదు. వేసింది వేసినట్టే ఉంది.

డాక్టరుగారి రెండో తాళంచెవి ఎక్కడుందో అందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు. అనకుండానే అనుమానం వీధంతా పాకిపోయింది.

ఆదివారం పొద్దున్న బడి హాల్లో సమావేశం పెట్టాం. నలభై ఒక్క ఇళ్ళవాళ్ళూ వచ్చారు. మామూలుగా పదిమంది వస్తే గొప్ప. నేను అట్ట ఎత్తి పట్టుకున్నాను. ఒక్కసారిగా హాలంతా "అబ్బో" అంది. అబద్ధం ఎందుకు, నా ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళకి నా బొమ్మ చూసి ఒకళ్ళు అబ్బో అన్నారు. తర్వాత స్టేషను నుంచి వచ్చిన అధికారి లేచి జాగ్రత్తలు చెప్పాడు. మర్యాదస్తుడు. కిటికీలకి ఊచలు, గేటుకి దీపం, ఇలా చెప్పుకుంటూ వచ్చి, "పొరుగువాళ్ళకి తాళంచెవులు ఇచ్చే అలవాటు ఉంటే మానుకోండి. ఎవర్నో అనుమానించమని కాదు, జాగ్రత్త కోసం చెప్తున్నా," అన్నాడు.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. పిన్నిగారు చివరి వరసలో కూర్చుని ఉంది. లేచి నిలబడింది.

"సార్, పలక లోపలి గదిలోకి మార్చేస్తాను. కాదంటే బీరువాలో పెట్టి తాళం వేస్తాను," అంది.

"మరి ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గర పెడతావమ్మా?" అన్నాడు బీమా ఏజెంటు. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించకపోతే ఆయనకి తోచదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మరీ గట్టిగా కాదు గాని, నవ్వాను. ఆవిడ కూడా మాతోపాటు నవ్వబోయి, మధ్యలో ఆపేసి కూర్చుంది.

ఆ సాయంత్రమే నియమాల పట్టిక రాశాను. నాలుగోది, 'ఒకరి ఇంటి తాళంచెవి మరొకరు ఉంచుకోరాదు'. కింద నా సంతకం. వీధి మొదట్లో గాజుపెట్టెలో బిగించాం.

ఇక తాళంచెవులు వెనక్కి తెచ్చుకునే తతంగం మొదలైంది. ఉన్నమాట చెప్పే ధైర్యం ఒక్కడికీ లేదు. ఎదురింటివాళ్ళు చుట్టాలొస్తున్నారు, వాళ్ళకొకటి కావాలన్నారు. లెక్కల టీచరుగారు వాళ్ళబ్బాయికి బుద్ధొచ్చిందన్నారు. బీమా ఏజెంటు తలుపే మార్చేస్తున్నానన్నాడు, ఇప్పటికీ అదే తలుపు. తొమ్మిది రోజుల్లో ఇరవై అయిదు వెళ్ళిపోయాయి. చివరికి మిగిలింది మాది. మా ఆవిడ "వెళ్ళి తెచ్చెయ్యండి, కార్యదర్శి ఇంటి తాళమే అక్కడుంటే బావుంటుందా?" అని రోజూ పోరింది.

వెళ్ళాను. పలక మీద ఇరవై అయిదు బోడి మేకులు, ఒక తాళంచెవి.

"నంబరు నొక్కితే తెరుచుకునే తాళం పెట్టించాం పిన్నిగారూ. ఇంక దీంతో పనిలేదు," అన్నాను. పెట్టించలేదు.

"మంచిదే బాబూ. నంబరు ఎక్కడైనా రాసిపెట్టుకోండి, మీకసలే మతిమరుపు." పీలిక ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. తాళంచెవి నా చేతిలో పెట్టింది. "అన్నట్టు..." అంది. నేను ఆగాను. ఆవిడ నా మొహం చూసి, "ఏం లేదు, వెళ్ళిరండి," అంది. టీ మాట ఎత్తలేదు. గుమ్మం దిగుతుంటే నాకు సిగ్గేసింది. సిగ్గేసినందుకు ఆవిడ మీదే చిరాకు వచ్చింది.

నెల తిరక్కుండా పళ్ళ డాక్టరుగారి దొంగ వేరే పేటలో దొరికాడు. వెనక తలుపు గడియ వెయ్యకపోతే అలా లోపలికి వెళ్ళానని వాడే చెప్పాడట. డాక్టరుగారి కూతురు ఆ రోజు గడియ మరిచిపోయిందట. ఈ సంగతి డాక్టరుగారు నా పళ్ళు చూస్తూ చెప్పాడు. నోట్లో ఇనుప సామానంతా పెట్టుకుని నేనేం మాట్లాడను? తర్వాత నోరు కడుక్కుని, "మరి అందరికీ చెప్పాలి కదండీ," అన్నాను.

"అయిపోయిందిగా, మళ్ళీ ఎందుకు కదపడం?" అన్నాడాయన. నేను సరేనన్నాను.

ఆవిడ దగ్గరికి మనుషులు వెళ్ళడం ఆగిపోయింది. తాళాలకని వెళ్ళేవాళ్ళే కాదు, కుట్టుపనికి వెళ్ళేవాళ్ళు కూడా మొహం చెల్లక బజారులో కుట్టించుకోవడం మొదలుపెట్టారు. బస్సు కోసం వెళ్తూ చూసేవాణ్ణి. మిషను మీద గుడ్డ కప్పి ఉండేది. ఆవిడ కిటికీ దగ్గర ఊరికే కూర్చుని ఉండేది. నేను కనబడితే చెయ్యెత్తేది. నేనూ చెయ్యెత్తి, బస్సు వచ్చేస్తున్నట్టు నడక పెంచేవాణ్ణి. నా బస్సు ఎప్పుడూ అంత తొందరగా రాదు.

మరుసటి ఏడు పట్టీ వచ్చింది. పధ్నాలుగు నుంచి మూడుకి పడిపోయింది! ఈసారి ఆకుపచ్చ సిరా. మేం చంకలు గుద్దుకున్నాం. నగరసంఘంవాళ్ళు 'సురక్షిత వీధి' అని ఇత్తడి పలక ఇస్తామన్నారు, దానికి పాత కేసుల వివరాలు కావాలన్నారు. వాటికోసం ఒకరోజు ఆఫీసుకి సెలవు పెట్టి స్టేషనుకి వెళ్ళాను. అక్కడి రికార్డు గుమాస్తా నాలాంటివాడే, చొక్కా జేబు మీద సిరా మరక. లావుపాటి రిజిస్టరు నా ముందు తెరిచాడు.

పధ్నాలుగులో తొమ్మిదింటికి ఎదురుగా ఒకటే ఫోను నంబరు ఉంది.

ఆ ఏడాది మొదట్లో స్టేషనువాళ్ళు మా గేట్లన్నిటికీ ఒక కాగితం అంటించి వెళ్ళారు, 'ఎంత చిన్న విషయమైనా ఈ నంబరుకి చెప్పండి' అని. మేం చదివి ఊరుకున్నాం. పిన్నిగారు ఒక్కావిడే దాన్ని నమ్మింది. వరసగా చదివాను. మురుగుకాల్వ మూత కనబడటం లేదు, పిల్లలు పడతారు. పదో ఇంటి పెరటి కుళాయి ఎవరో ఊడదీశారు, ఇంటివాళ్ళు ఊళ్ళో లేరు. ఏడో ఇంటి గోడ మీద తెలియని మనిషి కూర్చున్నాడు, ఎవరు కావాలని అడిగితే దిగి వెళ్ళిపోయాడు. టీచరుగారబ్బాయి సైకిలు ఎవరో తోసుకుపోతున్నారు. అయిదో ఫిర్యాదు ఇలా ఉంది. 'వాన ఆఫీసు బాబుగారి స్కూటరు తాళం ఇద్దరు కదుపుతున్నారు. కేకలు వేస్తే పారిపోయారు.'

నా స్కూటరు. నేను ఆఫీసులో స్తంభాలు గీస్తున్న పూట ఆవిడ వీధిలోకి వచ్చి కేకలు వేసింది. నాకు ఒక్కమాట చెప్పలేదు. ఎన్ని అన్నట్టులు అన్నదో, అది మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆవిడ ఫోన్లు తీసేస్తే ఆ ఏడాది లెక్క అయిదు. అంతకుముందు ఏడాది కంటే ఒకటి తక్కువే. మా వీధిలో నేరాలు పెరగనే లేదు. వీధిని కనిపెట్టుకుని ఒక మనిషి కూర్చుంటే, ఆ కూర్చోవడమే నా బొమ్మలో మనిషెత్తు స్తంభమైంది. ఆవిడ ఫోను మానెయ్యగానే మేం సురక్షితమైపోయాం. ఇరవై రెండేళ్ళు లెక్కలు రాసినవాణ్ణి, ఈ అంకె ఎక్కడినుంచి వచ్చిందని ఒక్కసారి అడగలేదు. తల కొట్టేసినట్టయింది.

"ఆవిడ ఈమధ్య ఫోను చెయ్యడం లేదండీ," అన్నాడు గుమాస్తా. "పోయారా ఏంటి?"

"లేదు, ఉన్నారు," అన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. వింటూనే కంచం పెట్టింది. తర్వాత, "ఇప్పుడు బయటపెడితే అందరూ మిమ్మల్నే అంటారు," అంది. నాకు కావలసిన మాట అదే. అది దొరకగానే కడుపునిండా అన్నం తిన్నాను.

పది రోజుల తర్వాత, సాయంత్రం ఆరింటికి పిన్నిగారు మా ఇంటికి వచ్చింది. ఆవిడ మా గడప తొక్కడం అదే మొదలు. అంతకుముందు ఎప్పుడూ మేమే వెళ్ళేవాళ్ళం. కుర్చీ చివర కూర్చుని గుప్పిట తెరిచింది. తాళంచెవి.

"మా ఇంటిది బాబూ. మీ దగ్గర ఉంచండి," అంది. "మొన్న స్నానాల గదిలో కాలు జారింది. దెబ్బేం తగల్లేదు లెండి. అరగంట లేవలేకపోయాను, అంతే. కేకేస్తే ఎవరికీ వినబడలేదు. అలా నేల మీద పడుండగా అనిపించింది, ఏదైనా అయితే తలుపెవరు తీస్తారా అని. ఇన్నేళ్ళు అందరివీ నా దగ్గర పెట్టుకున్నాను గాని, నాది ఎవరి దగ్గరా లేదు. ఆ ఆలోచనే రాలేదు చూడండి."

పుచ్చుకుంటే చాలు. జేబులో వేసుకుంటే అయిపోయేది. కానీ కార్యదర్శి తనే నియమం తప్పాడంటే అందరూ ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే రిజిస్టరు సంగతి చెప్పాలి. రిజిస్టరు సంగతి చెబితే ఇత్తడి పలక పోతుంది, నా పరువూ పోతుంది. ఇదంతా నా బుర్రలో ఆవిడ గుప్పిట తెరిచి ఉన్నంతసేపట్లోనే తిరిగింది.

"అది కాదు పిన్నిగారూ... నియమం ఉంది కదా. నా సంతకమే ఉంది దాని కింద. రేపు మీ ఇంట్లో ఏదైనా కనబడకపోతే..."

"నా ఇంట్లో ఏముంది బాబూ కనబడకపోవడానికి?"

"అలా అని కాదండీ..."

"అవున్లెండి," అంది వెంటనే. నన్ను ఇబ్బంది పెట్టినందుకు తనే నొచ్చుకున్నట్టు లేచింది. "మీరు మాత్రం ఏం చేస్తారు? నాకే తోచలేదు." మా అమ్మాయి దగ్గు గురించి అడిగి, తగ్గిందంటే మంచిదంది.

కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. టీచరుగారింటికి వెళ్ళింది. తలుపు తెరుచుకుంది, ఏదో మాట్లాడారు, మూసుకుంది. ఎదురింటికి వెళ్ళింది. అక్కడా అంతే. బీమా ఏజెంటు గేటు దాకా సాగనంపి, వీధి మొదట్లో ఉన్న గాజుపెట్టె వైపు చెయ్యి చూపించాడు. నా రాతని చూపించాడు. ఆవిడ తల ఊపింది. డాక్టరుగారింటి ముందు కాసేపు నిలబడి, తలుపు కొట్టకుండానే వెనక్కి తిరిగింది. మా గేటు ముందునుంచి వెళ్తున్నప్పుడు గుప్పిట మూసే ఉంది. నేను తెర వెనక్కి జరిగాను. నాకు ఏడుపొచ్చింది. అయినా బయటికి వెళ్ళలేదు.

ఇత్తడి పలక వచ్చింది. వీధి మొదట్లో పెట్టాలన్నారు, వీధి మొదట్లో గోడంటే పిన్నిగారిదే. పనివాణ్ణి తీసుకుని నేనే వెళ్ళాను. ఆవిడని అడిగితే, "దానికేం, కొట్టుకోండి," అంది లోపల్నించి. వాడు మేకులు కొడుతుండగా చూశాను, ముందు తలుపు వారగా ఉంది.

"పిన్నిగారూ, తలుపు గడియ పడలేదు," అన్నాను.

ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. బాగా చిక్కిపోయింది. "తెలుసు బాబూ. వెయ్యడం మానేశాను. రాత్రీ పగలూ అలా దగ్గరికి వేసి ఉంచుతున్నాను."

"అయ్యయ్యో, ప్రమాదం కదండీ! ఎవరైనా లోపలికి వచ్చేస్తే?"

"రావాలనే బాబూ," అంది.

ఆ తలుపు అలాగే ఉండి ఇప్పటికి అయిదు నెలలు. ఇత్తడి పలక పక్కనే ఉంటుంది, తోస్తే తెరుచుకుంటుంది, వీధిలో అందరికీ తెలుసు. నేను రోజుకి రెండుసార్లు దాని ముందునుంచే వెళ్తాను. ఇంతవరకు దొంగలూ వెళ్ళలేదు, మేమూ వెళ్ళలేదు.